పెనుకొండ పక్కన కొరియా రాణి కథ: ప్రభుత్వాలు చరిత్రను ఎలా వాడతాయి? ఒక కేస్ స్టడీ

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. దాంతోపాటు పెనుకొండ చుట్టుపక్కల కారు విడిభాగాలు చేసే యూనిట్లలో ఓరియెంటేషన్ క్లాసులు కూడా తీసుకుంటుంటాను. కొరియావాళ్లతో పనిచేసేటప్పుడు పద్ధతులేంటి, వాళ్ల పండగలేంటి, మనవి వాళ్లకు ఎలా చెప్పాలి, ఇలాంటివన్నమాట. ఆ పనిలోనే ఒక యూనిట్ హెచ్‌ఆర్ వాళ్లు ఒక ప్రెజెంటేషన్ అడిగారు. "రెండు వేల ఏళ్ల భారత్-కొరియా బంధం" అనే పేరుతో గంటసేపు ఉండాలి, అయోధ్య రాకుమారి కొరియా వెళ్లి రాణి అయిన కథే అందులో ముఖ్యం, వినేవాళ్లలో సగం మంది మనవాళ్లు, సగం మంది కొరియన్లు.

చిన్న పనే. కానీ ప్రభుత్వాలు చరిత్రను విదేశాంగ విధానంలో పనిముట్టుగా ఎలా వాడతాయో క్లాసులో చెప్పడానికి నేను వెతికే ఉదాహరణ ఇంత నిండుగా ఎప్పుడూ దొరకలేదు. అది కూడా మా జిల్లాలో, ఎన్‌హెచ్-44 పక్కన. (పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, కానీ మాకందరికీ నోటికొచ్చేది ఉమ్మడి అనంతపురమే.) అందుకే మొత్తం రాసిపెడుతున్నాను.

కథ, దాని ఆధారం

13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన 'సంగుక్ యుసా' అనే కొరియా గ్రంథంలో ఈ కథ ఉంది. క్రీ.శ. 48లో 'అయుత' అనే దూరదేశం నుంచి 16 ఏళ్ల రాకుమారి పడవలో వచ్చి, కొరియాలోని గయా రాజ్యాన్ని స్థాపించిన సురో రాజును పెళ్లాడింది. ఆమె పేరు హో హ్వాంగ్-ఓక్. సముద్రం శాంతించడానికి పడవలో తెచ్చిందని చెప్పే రాతి స్తూపం గింహే నగరంలో ఆమె సమాధి దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ దంపతుల కొడుకుల్లో ఇద్దరు తల్లి ఇంటిపేరు పెట్టుకున్నారట. అందుకని గింహే కిమ్, గింహే హో, ఇంచాన్ లీ వంశాలవాళ్లు తమది ఒకే రక్తమని నమ్ముతారు, ఆ వంశాల మధ్య పెళ్లిళ్లు సంప్రదాయంగా చేసుకోరు. క్లాసులో ఈ మాట చెప్పగానే మనవాళ్లు "అంటే మన గోత్రాల మాదిరే కదా సార్" అంటారు, ఇక అక్కడి నుంచి ఆ రాణి వాళ్లకు చుట్టమైపోతుంది. కథకున్న బలమే అది, దాన్ని తక్కువ చేయకూడదు.

ఆధారం సంగతికొస్తే, జరిగిందని చెప్పే కాలానికీ రాసిన కాలానికీ మధ్య పన్నెండు వందల ఏళ్లున్నాయి. 'అయుత' అంటే అయోధ్యేనని కొరియా పురావస్తు శాస్త్రవేత్త కిమ్ బ్యుంగ్-మో గట్టిగా వాదించారు, సురో సమాధి దగ్గరున్న జంట చేపల గుర్తు అయోధ్య ఉన్న అవధ్ ప్రాంతంలోనూ కనిపిస్తుందన్నది అందులో ఒక ముక్క. కానీ క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఆ ఊరు ఎక్కువగా సాకేతం అనే పేరుతో తెలుసు. తమిళనాడులో కొందరు ఆమె తమ తీరం నుంచే వెళ్లిందంటారు. బౌద్ధం వచ్చాక పాత స్థానిక కథకు భారతదేశం పేరు తర్వాత అతికించారని అనే చరిత్రకారులూ ఉన్నారు. నా లెక్కలో ఇది ఒక వంశం గౌరవంగా కాపాడుకున్న పురాణం. రుజువైన చరిత్ర అని స్లైడ్ మీద రాయలేను.

అయితే కథ నిజమా కాదా అన్న దగ్గరే మనం ఆగిపోతాం, వాదన కూడా అక్కడే అయిపోతుంది. దౌత్యం చదివేవాళ్లకు అది సగం ప్రశ్న మాత్రమే. ఇన్ని శతాబ్దాలు గింహేలో నిద్రపోయిన కథను ఏ ప్రభుత్వం ఎప్పుడు లేపింది, అప్పుడు దానికి ఏం కావాల్సి వచ్చింది? అసలు కేసు అక్కడ మొదలవుతుంది.

తేదీలు వరుసగా పెడితే

మన దేశానికీ దక్షిణ కొరియాకీ పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు 1973లో ఏర్పడ్డాయి. 1991 తర్వాత మన మార్కెట్ తెరుచుకుంది. శామ్‌సంగ్, ఎల్‌జీ 90ల్లో వచ్చాయి, హ్యుందాయ్ 1998లో శ్రీపెరుంబుదూరు నుంచి శాంట్రో దించింది. అయోధ్యలో సరయూ ఒడ్డున రాణి హో స్మారక శిల పెట్టింది ఎప్పుడు? 2001లో. అంటే ముందు కార్లు, టీవీలు, ఫ్రిజ్‌లు, ఆ తర్వాత రాణి. 2009లో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2015 మేలో మోదీ సియోల్ వెళ్లినప్పుడు బంధం 'ప్రత్యేక వ్యూహాత్మక భాగస్వామ్యం' అయింది, 2018 జూలైలో అధ్యక్షుడు మూన్ జే-ఇన్ ఢిల్లీ వచ్చారు. అదే ఏడాది నవంబర్ 6న ఆయన భార్య కిమ్ జంగ్-సుక్ అయోధ్య దీపోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చి స్మారకాన్ని పెద్ద పార్కుగా విస్తరించే పనికి శంకుస్థాపన చేశారు. 2019లో రెండు దేశాలూ కలిసి రాణి మీద తపాలా బిళ్లలు వేశాయి. వ్యాపారం పెరిగేకొద్దీ కథకు విగ్రహం, పార్కు, స్టాంపు వచ్చాయి.

ఇప్పుడు మా జిల్లా సంగతి చూడండి. కొరియా కార్ల కంపెనీ కియాతో ఫ్యాక్టరీ ఒప్పందం 2017 ఏప్రిల్‌లో జరిగింది, పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరే ఎందుకంటే ఒకే చోట వందల ఎకరాల భూమి ఉంది, పక్కనే హైవే, దగ్గరలో బెంగళూరు, అందుబాటులో చెన్నై రేవు, అప్పటికే తమిళనాడులో అల్లుకుపోయిన హ్యుందాయ్ సరఫరాదారుల బలగం, రాష్ట్రం ఇచ్చిన రాయితీలు, హంద్రీ-నీవా నీళ్లు చేరే గొల్లపల్లి రిజర్వాయర్. వీటిల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఫ్యాక్టరీ ఇంకోచోటికి పోయేది. 2020 ఫిబ్రవరిలో ప్లాంటు తమిళనాడుకు తరలిపోవచ్చని రాయిటర్స్ రాసింది, కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం రెండూ కాదన్నాయి, మా దగ్గర మాత్రం ఆ వారం మహా టెన్షన్. అప్పుడు నడిచిన చర్చంతా రాయితీలు, స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టం, విధానాలు మారతాయా అన్న భయం చుట్టూనే. రాణి హో పేరు ఎవరి నోటా రాలేదు. ఒక కథనం ఎంత బరువు మోయగలదో తెలియాలంటే కష్టకాలంలో దాన్ని ఎవరైనా తలచారా అని చూస్తే చాలు.

అలాగని కథ దండగ కాదు. దౌత్యంలో రెండు పక్షాలకూ కూర్చోవడానికి ఒక సాకు కావాలి, ముఖ్యంగా భాష, తిండి, మతం ఏదీ కలవని చోట. ఆ పని ఈ కథ బాగా చేసింది.

ఇంట్లో లాభం

విదేశాంగ కథనాల్లో సగం స్వదేశం కోసమే ఉంటాయి. ఈ కేసులో అది రెండు వైపులా కనిపిస్తుంది.

మూన్ జే-ఇన్ 2017లో అధికారంలోకి వచ్చిన కొత్తల్లోనే, జూన్ 1న, గయా చరిత్ర పరిశోధన, పునరుద్ధరణ తమ ప్రభుత్వ కార్యక్రమాల్లో ఉండాలన్నారు. కొరియాలో ఆగ్నేయాన యోంగ్నామ్‌కీ నైరుతిలో హోనామ్‌కీ మధ్య ఓట్ల చీలిక చాలా పాతది. గయా ఆనవాళ్లు ఆ రెండు ప్రాంతాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ గోడ కూలడానికి ఈ చరిత్ర పనికొస్తుందని ఆయన నేరుగానే చెప్పారు. రాయలసీమవాళ్లకు ప్రాంతం, ఓటు, చరిత్ర ఎలా ముడిపడతాయో కొత్తగా చెప్పక్కర్లేదు.

మన వైపు చూడండి, 2018 నవంబర్ 6న కొరియా అధ్యక్షుడి భార్య వేదిక మీద ఉండగానే ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఫైజాబాద్ జిల్లా పేరును అయోధ్యగా మారుస్తున్నట్టు ప్రకటించారు. ఆ సాయంత్రానికి ఒక విదేశీ అతిథి, అంతర్జాతీయ గుర్తింపు కలిసొచ్చాయి. సియోల్‌కి కావాల్సింది ఒకటి, లక్నోకి కావాల్సింది ఇంకొకటి, ఒకే కథ ఇద్దరికీ సరిపోయింది. అలా సరిపోతేనే కథ నిలబడుతుంది.

నిలబడ్డా ఎంతకాలం? కొరియాలో ప్రభుత్వం మారాక, 2024లో, అదే 2018 పర్యటన, ముఖ్యంగా అందులో తాజ్ మహల్ సందర్శన, అక్కడ పెద్ద రాజకీయ వివాదమై ప్రాసిక్యూటర్ల విచారణ దాకా వెళ్లింది. స్నేహానికి గుర్తుగా చేసిన యాత్రే ప్రత్యర్థుల చేతిలో ఖర్చుల లెక్క అయింది.

అదే గయా, ఇంకో కథ

ఈ భాగం లేకుండా ఎవరైనా ఈ కేసు చెబితే నాకు అసలు కేసే చెప్పనట్టు అనిపిస్తుంది.

మనకు పెళ్లికథ చెప్పే గయా నేల మీదే జపాన్‌తో కొరియాకు పచ్చి పుండు ఒకటి ఉంది. పాత జపాన్ గ్రంథం 'నిహోన్ షోకి' ఆధారంగా, వలసకాలపు జపాన్ పండితులు ఆ ప్రాంతం ప్రాచీన కాలంలో జపాన్ పాలనలో ఉండేదని రాశారు. 1910లో కొరియాను కలుపుకున్న పాలకులకు ఆ రాత బాగా పనికొచ్చింది, పాత ఆస్తిని తిరిగి తీసుకున్నట్టు చెప్పుకోవడానికి. ఆ వాదాన్ని నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు, కానీ 'గయా' అనగానే కొరియన్లకు ఆ మంట గుర్తొస్తుంది. ఒకే నేల, ఒకే శతాబ్దాలు, ఢిల్లీతో మాట్లాడేటప్పుడు పెళ్లి, టోక్యోతో మాట్లాడేటప్పుడు గాయం.

2019 ఆగస్టు మొదటి పది రోజులు చూడండి. 2018 అక్టోబర్‌లో కొరియా సుప్రీంకోర్టు యుద్ధకాలంలో వెట్టిచాకిరీ చేయించినందుకు ఒక జపాన్ కంపెనీ పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. 2019 జూలైలో జపాన్, చిప్‌లు, డిస్‌ప్లేల తయారీకి కావాల్సిన మూడు పదార్థాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. దేశభద్రత కారణమని టోక్యో, తీర్పుకు ప్రతీకారమని సియోల్. ఆగస్టు 2న కొరియాను నమ్మకమైన వ్యాపార భాగస్వాముల జాబితా నుంచి తీసేయాలని జపాన్ నిర్ణయించింది. ఆగస్టు 8న ఇక్కడ ఎర్రమంచిలో మొదటి కియా సెల్టోస్ కారు లైను మీద నుంచి బయటికొచ్చింది. ఒక పొరుగుదేశంతో చరిత్ర పేరుతో వ్యాపారం ఆగిపోతున్న వారంలోనే ఇంకో దేశంలో చరిత్ర పేరు పక్కన వ్యాపారం మొదలవుతోంది. తర్వాత 2023 మార్చిలో అధ్యక్షుడు యూన్ పరిహారానికి కొరియా వైపు నుంచే ఒక దారి చూపించగానే జపాన్ ఆంక్షలు ఒక్కొక్కటే తీసింది, జూలైకల్లా జాబితాలో తిరిగి చేర్చింది. బాధితుల్లో, వాళ్ల కుటుంబాల్లో కొందరు ఆ పరిష్కారాన్ని ఒప్పుకోలేదు. ప్రభుత్వాలకు గాయం మానింది, మనుషులకు మానలేదు. ఈ తేడా నన్ను నిజంగా బాధపెడుతుంది, క్లాసులో ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఎవరూ చెప్పని సాక్ష్యం

భారత్‌కూ కొరియాకూ నిజంగా, కాగితాలతో, ఫొటోలతో రుజువున్న బంధం ఒకటుంది. 1950 నవంబర్‌లో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియా యుద్ధానికి వెళ్లింది. మన డాక్టర్లు, నర్సింగ్ సిబ్బంది 1954 దాకా అక్కడ వైద్యం చేశారు. యుద్ధం ఆగాక, ఏ దేశానికి వెళ్లాలో తేల్చుకోవాల్సిన 20 వేలకు పైగా ఖైదీలను చూసుకునే తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య ఛైర్మన్, కాపలా బాధ్యత మన కస్టోడియన్ ఫోర్స్‌ది. ఏ వైపూ పోమన్న కొంతమంది ఖైదీలు 1954లో మన సైన్యంతోపాటే ఇండియా వచ్చేశారు.

ఇంత ఉండగా క్రీ.శ. 48 ఎందుకు? ఎందుకంటే 1953లో అంతా సాఫీగా జరగలేదు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి భారత్ తటస్థత అంటే మంట. మన సైనికులు తన నేల మీద అడుగు పెట్టకూడదని పట్టుబడితే, వాళ్లను నౌకల నుంచి హెలికాప్టర్లలో నేరుగా సైనికరహిత ప్రాంతంలో దించాల్సి వచ్చింది. రుజువున్న చరిత్రలో ఇలాంటి ముళ్లుంటాయి. రెండు వేల ఏళ్ల కిందటి రాణి ఎవరినీ నొప్పించదు, ఆమెకు తటస్థ విధానమూ లేదు, అమెరికాతో గొడవా లేదు.

మరి ఆ యుద్ధ జ్ఞాపకం ఎప్పుడు బయటికి తీశారు? 2021 మార్చి 26న ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఇండో-కొరియా మైత్రీ పార్కును రెండు దేశాల రక్షణ మంత్రులు ప్రారంభించారు, అక్కడ తిమ్మయ్య విగ్రహం ఉంది. అంతకు నెల ముందే, కొరియా టెక్నాలజీతో ఎల్ అండ్ టీ తయారుచేసిన కె9 వజ్ర శతఘ్నుల మొదటి ఆర్డరులో చివరిది, 100వది, మన సైన్యానికి అందింది. కార్ల కాలంలో రాకుమారి, ఫిరంగుల కాలంలో జనరల్. ఇందులో కుట్ర ఏమీ లేదు, అవసరం ఎటు ఉంటే జ్ఞాపకం అటు తిరుగుతుంది, అంతే.

భయపడాల్సిన కథ ఎలా ఉంటుంది

పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్ని ప్రభుత్వాలూ ఇదే చేస్తుంటే తప్పేముంది సార్?" నేను కొలిచే పద్ధతి ఒక్కటే, ఈ కథ ఎదుటివాళ్లను ఏం అడుగుతోంది? రాణి హో కథ మనల్ని ఒక పార్కు స్థలం, కొంచెం మర్యాద అడిగింది. 2021 జూలై 12న పుతిన్ తన పేరుతో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు, రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అని, వాళ్ల మధ్య గీతలు కృత్రిమమని. పైకి అది కూడా బంధుత్వం కథే, వెయ్యేళ్ల కిందటి కీవ్ రాజ్యం, ఒకే రక్తం. కానీ అది అడిగింది ఒక దేశం ఉనికిని. ఏడు నెలల తర్వాత, 2022 ఫిబ్రవరి 24న ట్యాంకులు కదిలాయి. ఎదుటివాడు "మాకు ఈ చుట్టరికం వద్దు" అన్నప్పుడు కథ చెప్పినవాళ్లు ఏం చేస్తారో దాన్నిబట్టే ఆ కథ ఎలాంటిదో తెలుస్తుంది. అయుత అంటే అయోధ్య కాదని కొరియా చరిత్రకారుడు పత్రికలో రాస్తే ఎవరూ జైల్లో పెట్టరు.

ఇంకో కొలత మా పక్కనే రాయి మీద ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి, పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ చెక్కించారు. పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారు, లక్షమంది చనిపోయారు, రాజు పశ్చాత్తాపపడుతున్నాడు. అందులోనే సిరియాలో అంతియోకుడు, ఈజిప్టులో తులమయుడు లాంటి యవన రాజుల పేర్లున్నాయి, చోళ, పాండ్యులున్నారు, ఆంధ్రుల పేరుంది. అడవి జాతులకు మెత్తగా ఒక హెచ్చరిక కూడా ఉంది, పశ్చాత్తాపంలోనూ రాజుకు శక్తి ఉందని. ఒక ప్రభుత్వం తన యుద్ధాన్ని తానే కథగా చెప్పి పొరుగు రాజ్యాల ముందు పెట్టింది. ఆ కథను ఎర్రగుడిలో చెక్కించారు, పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో చెక్కించారు. కళింగలో, ధౌలి, జౌగడల్లో, ఆ పదమూడో శాసనం లేదు. దాని బదులు "ప్రజలందరూ నా బిడ్డలు" అనే వేరే శాసనాలున్నాయి. దెబ్బ తిన్నవాళ్ల ముందు లెక్క చదవలేదు. ఒక కథనాన్ని అంచనా వేయాలంటే అది ఎక్కడ వినిపిస్తోందో చూడటంతో పాటు ఎక్కడ వినిపించడం లేదో కూడా వెతకాలని నా పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలీదు. ఒక్కసారైనా వెళ్లి చూడండి, దారి కూడా దూరం కాదు.

చివరికి ఏం చేశాను

హెచ్‌ఆర్ వాళ్లకు నేను పంపిన మొదటి ప్రతిలో ఆధారాల స్లైడు ఉంది, జపాన్ స్లైడు ఉంది, 1953 ఉంది. మూడూ తీసేయమన్నారు. పండగ వాతావరణంలో ఇవెందుకని వాళ్ల ఉద్దేశం, అర్థం చేసుకోదగ్గదే. జపాన్ సంగతి వదులుకున్నాను, ఆ గదిలో దాని అవసరం లేదు. ఆధారాల విషయంలో మాత్రం తగ్గలేదు. "సంగుక్ యుసా చెప్పే కథ ప్రకారం" అన్న మాట ప్రతి స్లైడులో ఉండాలి, లేకపోతే వేరేవాళ్లను చూసుకోండి అన్నాను. చివరికి 1953 స్లైడులో రంగరాజ్ గారి అంబులెన్స్ ఉంచారు, సింగ్‌మన్ రీ పోయారు. అంటే నా స్లైడ్లలో కూడా రెండు ప్రభుత్వాలూ చేసిన ఎంపికే మిగిలింది, అది గమనించే ఒప్పుకున్నాను, ఎందుకంటే మిగతాది చెప్పడానికి నాకు క్లాసుంది.

సెషన్ చివర్లో లైను మీద పనిచేసే మనబ్బాయి ఒకడు లేచి అడిగాడు, "సార్, అయితే ఆ రాణమ్మ వల్లే కంపెనీ మన ఊరికొచ్చిందా?" భూమి, నీళ్లు, హైవే, రేవు అని వరుసగా చెప్పాను. గింహే కిమ్ వంశానికి చెందిన ఒక కొరియన్ మేనేజర్ దుబాసీ ద్వారా ఒక మాట కలిపారు. తమ ఇంట్లో ఇది తాత చెప్పిన వంశం కథ, రుజువు కోసం ఎవరూ అడగలేదు, ప్రభుత్వాలు ఫొటోలు తీయించుకోవడం మొదలుపెట్టాకే జనం రుజువు అడుగుతున్నారు అని. ఆయన చెప్పినదాన్ని నేను ఇప్పుడు మూడో ఏడాది పిల్లలకు ఈ కేసులో భాగంగానే చెబుతున్నాను, ఎందుకంటే ప్రభుత్వం ఒక కుటుంబం జ్ఞాపకాన్ని అరువు తీసుకున్నప్పుడు ఆ కుటుంబానికి ఏమవుతుందో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

ఈ టర్మ్‌లో వాళ్లకిచ్చిన అసైన్‌మెంట్ మామల్లపురం. 2019 అక్టోబర్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ అక్కడ పల్లవుల శిల్పాల ముందు నిలబడి తమిళ తీరానికీ చైనాలోని ఫుజియాన్‌కీ ఉన్న పాత సముద్ర వ్యాపారం గురించి మాట్లాడుకున్నారు, 2020 జూన్‌లో గల్వాన్‌లో రెండు సైన్యాల మధ్య ఘర్షణ జరిగింది. ఆ రెండు తేదీల మధ్య ఆ పల్లవుల కథ ఎవరెవరు ఎప్పటిదాకా చెప్పారు, ఎప్పుడు ఆపేశారు, రెండు ప్రభుత్వాల ప్రకటనలు దగ్గర పెట్టుకుని తేదీలవారీగా రాసుకురమ్మన్నాను.